ఎన్ని అంగుళాలు బిడ్డా?

రెండేళ్ల కింద జనవరిలో ఒక ఆదివారం. భద్రాచలంలో మా ఇంటి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పొద్దున ఎనిమిదయి ఉంటుంది. ఫోను మోగింది. మా అమ్మాయి! వాళ్లకింకా శనివారం రాత్రే. అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రంలో ఉంటారు వాళ్లు.

"అమ్మా, వాట్సాప్‌లో వీడియో పంపాను, చూశావా?" అంది.

చూశాను. కనుచూపు మేర తెల్లటి మైదానం. మధ్యలో నా మనవడు, ఆరేళ్లవాడు, తండ్రి చెయ్యి విదిలించుకుని పరిగెడుతున్నాడు. వెనకాల ఎవరిదో ఎర్ర కారు ఆగి ఉంది. ఇంకా వెనక నలుగురైదుగురు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు.

"మైదానం బాగుందే, ఏ ఊరు?" అన్నాను.

"మైదానం కాదమ్మా, అది చెరువు! మేం చెరువు మీద నిలబడ్డాం" అంది పకపకా నవ్వుతూ.

చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "లోతెంత?" అన్నాను. ముప్పయి అడుగులుంటుందట. "ముందు పిల్లాణ్ని తీసుకుని గట్టు మీదికి రండి!" అని గట్టిగా అరిచాను. వాళ్లు ఎప్పుడో ఇంటికొచ్చి, అన్నాలు తిని పడుకోబోతున్నారన్న ధ్యాసే లేదు నాకు.

"ఏందమ్మా నువ్వు, సైన్సు టీచరువై ఉండి! అందరూ నడుస్తున్నారు. కార్లే తిరుగుతున్నాయి. మంచు అడుగు మందం ఉంది. నీకు అన్నీ భయాలే" అంది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రెండు రోజులు నేను ఫోను చెయ్యలేదు. అదీ చెయ్యలేదు.

ఆ రెండు రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. నా భయం ఉత్త భయమేనా, అందులో ఏమన్నా న్యాయం ఉందా అని ఆలోచించాను, చదివాను. ఇవాళ మీతో చెప్పబోయేది అదే. ఖమ్మం, కొత్తగూడెం, సత్తుపల్లి, పాల్వంచ... మన వైపు ఏ వీధిలో చూసినా అమెరికాలోనో, కెనడాలోనో పిల్లలున్న తల్లులు కనిపిస్తున్నారు. మనం చెరువు గడ్డకట్టడం కళ్లారా చూడలేదు. చూడలేదని నోరు మూసుకుని కూర్చోవాలా? అక్కర్లేదంటాను నేను.

ఆ వార్త మరిచిపోలేదు

నా భయానికి ఒక కారణం ఉంది. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో జరిగిన ప్రమాదం మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. ఆరిజోనా అంటే ఎడారి రాష్ట్రం. కాని వుడ్స్ కాన్యన్ లేక్ అనే చెరువు మాత్రం కొండ మీద, దాదాపు 7,500 అడుగుల ఎత్తున ఉంది. క్రిస్మస్ సెలవుల్లో అక్కడికి వెళ్లిన మన తెలుగు కుటుంబాల వాళ్లు గడ్డకట్టిన ఆ చెరువు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు నీళ్లలో పడిపోయారు. వాళ్లలో ఇద్దరు భార్యాభర్తలు. ఆమెను వెంటనే బయటికి తీసినా బతికించలేకపోయారు. మగవాళ్లిద్దరి మృతదేహాలు మర్నాడు దొరికాయి.

ఆ రోజు పేపరు పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వాళ్లు చదువుకోనివాళ్లు కారు, దూకుడు మనుషులూ కారు. మనలాగే పిల్లా పాపలతో సెలవు రోజున సరదాగా వెళ్లినవాళ్లు. పాతిక, ముప్పయ్యేళ్లు వచ్చేదాకా గడ్డకట్టిన చెరువును చూడనివాళ్లకు అది ఎంత బరువు మోస్తుందో ఎవరు చెప్పాలి? అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు తాతలు చెప్తారు. మన పిల్లలకు?

అమ్మమ్మ వెదురు కర్ర

నాకు మాత్రం మా అమ్మమ్మ చెప్పింది. మంచు గురించి కాదు, ఇసుక గురించి.

మా అమ్మమ్మగారి ఊరు మణుగూరు వైపు గోదావరి ఒడ్డున. ఎండాకాలం గోదారి సన్నబడితే అవతలి ఒడ్డుకు, పర్ణశాల వైపు చుట్టాల ఇళ్లకు, ఇసుక తిన్నెల మీదుగా నడిచే పోయేవాళ్లు. మధ్యలో పాయ వస్తే మోకాళ్ల లోతు నీళ్లలో దిగేవాళ్లు. అమ్మమ్మ చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది. అడుగడుక్కీ కర్రతో ఇసుకను పొడిచి చూసి, తర్వాతే కాలు వేసేది. "ముందు కర్ర, ఎనక కాలు" అనేది.

నాకు పదేళ్లప్పుడు అలా పోతూ, ముందు వెళ్లిన మగవాళ్ల అడుగులు కనబడితే వాటి మీద గెంతుకుంటూ పరిగెత్తాను. పది అడుగులు పోయానో లేదో మోకాళ్ల దాకా దిగబడిపోయాను. ఊబి! కాలు లాగుతుంటే ఇంకా దిగుతోంది. అమ్మమ్మ నా దగ్గరికి పరిగెత్తి రాలేదు. ఉన్నచోటనే నిలబడి, "నిలబడకు! బోర్లా పడుకో!" అని అరిచింది. పడుకున్నాను. తన చీర కొంగు తడిపి, మెలిపెట్టి నా వైపు విసిరింది. పట్టుకుంటే పాములాగా ఇసుక మీద ఈడ్చుకొచ్చింది.

గట్టెక్కాక ఏడుస్తూ, "వాళ్లంతా నడిచిపోయారు కదా" అన్నాను. "వాళ్లు పోయినప్పటి ఇసుక కాదే ఇప్పటిది. ఎవరి కర్ర వాళ్లదే" అంది.

అమ్మాయి "అందరూ నడుస్తున్నారు" అన్నప్పుడు నాకు వినిపించింది ఈ మాటే.

గ్లాసులో ముక్క, చెరువు మీద పలక

నేను ఇరవై ఎనిమిదేళ్లు చర్ల, దుమ్ముగూడెం, చింతూరు బళ్లలో సైన్సు చెప్పాను. చింతూరు అప్పట్లో మన ఖమ్మం జిల్లాయే. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మంచుగడ్డ నీళ్లలో తేలుతుందని చూపించడానికి భద్రాచలం ఐసు ఫ్యాక్టరీలో ముక్క కొని, రంపపు పొట్టులో చుట్టి బస్సులో పట్టుకుపోయేదాన్ని. అడవి దారిలో చర్ల చేరేసరికి ఇటుకంత ముక్క గుప్పెడంత అయ్యేది! మొదటిసారి ఐసు ముట్టుకున్న ఒక కోయ పిల్ల, "టీచర్, కాలుతోంది!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

గ్లాసులో వేస్తే ముక్కలో తొమ్మిది వంతులు నీళ్లలో, ఒక వంతు పైన. నీళ్లు గడ్డకడితే కాస్త ఉబ్బుతాయి, అందుకే తేలికవుతాయి, తేలుతాయి. పాఠం అక్కడితో అయిపోయేది. తేలే మంచు ఎంత బరువు మోస్తుందని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెరువు గడ్డకట్టే తీరే విచిత్రం. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. చలికి పైనీళ్లు చల్లబడి అడుక్కు దిగుతాయి. చెరువంతా 4 డిగ్రీలకు వచ్చాక ఇంకా చల్లబడ్డ నీళ్లు తేలికై పైనే ఉండిపోతాయి. అక్కడే గడ్డకడతాయి. అంటే చెరువు మీద మూత పడినట్టన్నమాట. కింద నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, చేపలు బతికే ఉంటాయి.

మరి మూత మీద మనిషి నిలబడితే బరువు ఎవరు మోస్తున్నారు? మంచు ఒక్కటే అనుకుంటాం. కాదు, కింది నీళ్లూ మోస్తాయి. పడవ సంగతి చూడండి. గోదావరి మీద నాటు పడవలో ఒక్కొక్కరు ఎక్కుతుంటే అంచు కొంచెం కొంచెం నీళ్లలోకి దిగుతుంది. దిగినంత మేర నీళ్లు పక్కకు జరిగి, తిరిగి పైకి నెడతాయి. మంచు పలకా అంతే. మనిషి నిలబడ్డ చోట పళ్లెంలాగా కంటికి కనపడనంత వంగుతుంది. వంగిన మేర నీళ్లు కిందినుంచి నెడతాయి. పలక ఎంత మందమైతే బరువును అంత ఎక్కువ జాగాకు పంచుతుంది. పల్చనిదైతే బరువంతా ఒక్కచోటే పడి, వంగలేక పగులుతుంది. ఒకసారి పగిలితే ఇక పలక లేదు, ముక్కలే.

రెండింతలు కాదు, నాలుగింతలు

ఇక్కడ ఒక లెక్క ఉంది. భయపడకండి, చీటీ లెక్క కంటే తేలిక.

కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన లార్న్ గోల్డ్ అనే శాస్త్రవేత్త, మంచు మీద బళ్లు నడిపినవాళ్ల అనుభవాలు, విరిగిన చోట్ల వివరాలు పోగుచేసి 1971లో ఒక సూత్రం ఇచ్చారు. మంచు మందాన్ని సెంటీమీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, 3.5తో హెచ్చవేస్తే, గట్టి మంచు మోసే బరువు కిలోల్లో వస్తుంది. 10 సెంటీమీటర్లయితే 350 కిలోలు. 20 సెంటీమీటర్లయితే 700 కాదు, 1,400 కిలోలు! మందం రెండింతలైతే బలం నాలుగింతలు.

వినడానికి బాగుంది కదూ? ఇదే లెక్కను వెనక్కి తిప్పండి. మందం సగమైతే బలం సగం కాదు, పావు వంతు! 10 సెంటీమీటర్ల చోట నలుగురైదుగురు నిలబడ్డ మంచు, నాలుగు అడుగుల అవతల 5 సెంటీమీటర్లే ఉంటే, సూత్రం ప్రకారం 87 కిలోలే. అంటే ఒక మనిషి, చేతిలో ఒక పిల్ల. ఇక అక్కడ ఫోటో కోసం నలుగురు దగ్గరగా జరిగి నిలబడితే?

కారు నిలబడింది కదా, మనమెంత అనుకోవడంలోని మోసం ఇదే. కారు నిలబడ్డ చోటు వేరు, మీరు నిలబడ్డ చోటు వేరు.

మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ వాళ్లు ఏటా చెప్పే కొలతలు ఇవి: కొత్తగా పడ్డ, నిగనిగలాడే గట్టి మంచు అయితే మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు. చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు. 4 అంగుళాల లోపైతే అడుగు పెట్టొద్దు. మన భాషలో చెప్పాలంటే మనిషికి బెత్తెడు పైన ఇంకో వేలు వెడల్పు, కారుకు జానెడు పైచిలుకు. ఇంతా చెప్పి చివర్లో వాళ్లే అంటారు, ఏ మంచూ నూటికి నూరుపాళ్లు క్షేమం కాదని.

ఏ మంచు?

ఇదంతా చదివాక నాకు తట్టిన సంగతి ఒకటుంది. మన తెలుగులో అన్నిటికీ మంచే! తెల్లవారుజామున కిన్నెరసాని మీద కమ్మేది మంచు. గడ్డి మీద బొట్లు మంచు. ఆకాశం నుంచి దూదిలా రాలేది మంచు. చెరువు మీద పలకలా గడ్డకట్టేదీ మంచే. అమ్మాయి "అడుగు మందం మంచు" అన్నప్పుడు ఏ మంచు సంగతి చెప్పింది? రాలిన దూది మంచు అడుగుందా, దాని కింద గట్టి పలక అడుగుందా? రెంటికీ మనిషి ప్రాణమంత తేడా.

పైన రాలిన మంచు బరువు మోయదు సరిగదా, దుప్పటిలా కప్పి కింది పలకను చలి తగలకుండా కాపాడుతుంది. దాంతో పలక మందం పెరగదు. పైగా తన బరువు తోడవుతుంది. అన్నిటికీ మించి, కింద పలక ఎలా ఉందో కంటికి కనపడనివ్వదు.

పలకలోనూ రకాలున్నాయి. నల్లగానో, నీలంగానో అద్దంలా కనిపించేది గట్టిది. పాలలా తెల్లగా ఉండేది రాలిన మంచు తడిసి మళ్లీ గడ్డకట్టింది. దాని లోపల గాలి బుడగలుంటాయి. బలం సగమే లెక్క. అందుకే అలాంటిచోట పైన చెప్పిన అంగుళాలు రెట్టింపు ఉండాలంటారు. చలికాలం చివర్లో ఎండ తగిలిన మంచు మందంగానే ఉన్నా లోపల నిలువునా విడిపోయి, పుచ్చిన దూలంలా ఉంటుంది. దాన్ని అంగుళాలతో కూడా నమ్మలేం.

చెరువంతా ఒకే మందం ఉండదు. వాగు వచ్చి కలిసే చోట, నీళ్లు బయటికి పోయే చోట, ఊట ఉన్న చోట, వంతెనల కింద, రెల్లు మొలిచిన చోట పల్చన. పారే నీళ్ల మీద గడ్డకట్టేది మరీ నమ్మదగింది కాదు.

మంచు ఓర్పుకూ హద్దుంది. ఒకచోట కారు గంటల తరబడి ఆగి ఉంటే, కింద పలక నెమ్మదిగా సాగుతూ వంగుతూ పోతుంది. పొద్దున మోసిన బరువును సాయంత్రానికి మోయలేకపోవచ్చు. అలాగని వేగంగా పోదామన్నా ముప్పే. బండి పోతుంటే మంచు కింద నీళ్లలో అల లేస్తుంది. బండి వేగం, అల వేగం ఒకటైతే పలక పగులుతుంది. కెనడా ఉత్తరాన వజ్రాల గనులకు ఏటా గడ్డకట్టిన చెరువుల మీద వందల కిలోమీటర్ల బాట వేస్తారు. అంత మందం మంచు మీద కూడా సరుకు నింపిన లారీలు గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదని నియమం!

ఆకలి తీర్చిన బాట, చద్దరు బాట

మంచును నమ్మి బతికినవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లెనిన్‌గ్రాడ్ నగరాన్ని చుట్టుముట్టినప్పుడు తిండిలేక జనం రాలిపోయారు. 1941 నవంబర్‌లో లడోగా సరస్సు గడ్డకట్టడం మొదలుకాగానే, ముందు మనుషులు వెళ్లి మంచుకు కన్నాలు పెట్టి మందం కొలిచారు. తర్వాత గుర్రపు బళ్లు. నవంబర్ 22న మొదటి లారీలు, తక్కువ బరువుతో, ఒకదానికొకటి దూరదూరంగా. ఆ చలిలో, బాంబుల మధ్య మంచు మీద నిలబడి లారీలకు దారి చూపినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కొన్ని లారీలు మునిగిపోయాయి. అయినా ఆ చలికాలంలో 5 లక్షల మందికి పైగా ఆ బాట మీదుగా బయటపడ్డారు. దాన్ని బతుకు బాట అన్నారు.

మన దేశంలోనూ ఉంది. లడఖ్‌లో జంస్కార్ నది చలికాలంలో గడ్డకడుతుంది. మంచుకు కొండదారులు మూసుకుపోయినప్పుడు అక్కడివాళ్లకు ఒకప్పుడు ఆ నదే తోవగా ఉండేది. దాన్ని చాదర్ అంటారు, మన చద్దరే! ముందు నడిచేవాడి చేతిలో కర్ర ఉంటుంది. కొడుతూ, చప్పుడు వింటూ అడుగు వేస్తాడు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ కళ్ల ముందు కదిలింది. ఎక్కడి జంస్కార్, ఎక్కడి గోదావరి ఇసుక! కర్ర మాత్రం ఒకటే.

మూడో రోజు ఫోను

మూడో రోజు నేనే చేశాను. కోప్పడలేదు. అమ్మమ్మ కథ చెప్పాను. అది చిన్నప్పుడు విన్నదే, కాని ఊబి సంగతి ఎప్పుడూ చెప్పలేదు నేను. విని కాసేపు మాట్లాడలేదు.

"మొన్న ఎన్ని అంగుళాలుందో మీరు కొలిచారా?" అని అడిగాను.

"లేదమ్మా. మా పక్కింటాయన అడుగుంటుందన్నాడు."

"ఆయన పైన రాలిన మంచు సంగతి చెప్పాడా, కింది పలక సంగతా?"

"...అడగలేదు" అంది.

అంతే. ఇంకేం అనలేదు నేను. వారం తర్వాత మా అల్లుడు ఒక ఫోటో పంపాడు. మంచుకు కన్నం పెట్టే పొడవాటి బరమా, పక్కన గడ్డపారలాంటి ఇనుప కర్ర, ఒక తాడు. కింద, "అత్తయ్యా, మీ కర్ర కొన్నాం" అని రాశాడు!

అసలు సంగతి పోయిన డిసెంబర్‌లో. నాలుగు తెలుగు కుటుంబాలు పిల్లలతో ఒక చెరువు దగ్గరికి వెళ్లాయి. మంచు పడి నాలుగు రోజులే అయింది. అవతలి గట్టు దగ్గర ఎవరో చేపలు పడుతున్నారు. పిల్లలు అప్పటికే బూట్లు బిగించుకుని దూకడానికి సిద్ధం. మా అమ్మాయి ఆపిందట. అల్లుడు నడుముకు తాడు కట్టుకుని, ఇనుప కర్రతో కొట్టి చూసుకుంటూ గట్టు పక్కనే మొదటి కన్నం పెట్టాడు. నాలుగున్నర అంగుళాలు. "చాలదా? పదండి!" అన్నారు అందరూ. ఇంకో పది అడుగులు పోయి కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. కర్ర కిందికి దిగిపోయింది, నీళ్లు చిమ్మాయి! రెండున్నర అంగుళాలు కూడా లేదు. పైనంతా ఒకేలా తెల్లగా ఉంది. కింద వాగు వచ్చి కలుస్తోంది, అంతే.

ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారట. "ఇంత దూరం వచ్చి..." అన్నారట. మనవడైతే ఏడుపు లంకించుకున్నాడు. గట్టు మీదే చాపలు పరుచుకుని, తెచ్చుకున్న పులిహోర తిని ఇళ్లకు వచ్చేశారు. ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే జరగాల్సింది కదూ!

ఇవి గుర్తుంచుకోండి, పిల్లలకు పంపండి

* ఎవరో నడిచారని నడవొద్దు. కన్నం పెట్టి కొలవాలి, ఒకచోట కాదు, పోతున్న దారి పొడవునా. చేత కాకపోతే ఆ ఊళ్లో చేపల సామాన్లు అమ్మే కొట్టులో, పార్కు ఆఫీసులో అడగాలి.

* 4 అంగుళాల లోపు ఉంటే అడుగు పెట్టొద్దు. తెల్లటి మంచైతే రెట్టింపు ఉండాలి.

* ఒంటరిగా వద్దు. అందరూ ఒకచోట గుమిగూడొద్దు. ఫోటోకైనా సరే ఎడంగా నిలబడాలి. పిల్లల్ని చేతికందేలా ఉంచుకోవాలి.

* పొరపాటున పడితే, మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవడానికే. చలికి గుండె ఝల్లుమని ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ నిమిషం తల నీళ్ల పైన ఉంటే చాలు. తర్వాత చేతులూ కాళ్లూ పనిచేసేది పది నిమిషాలే. స్పృహ తప్పడానికి మాత్రం దాదాపు గంట పడుతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ దీన్ని "ఒకటి, పది, ఒకటి" అని గుర్తుపెట్టుకోమంటారు. కనుక కంగారుపడి పది నిమిషాలను పోగొట్టుకోవద్దు.

* వచ్చిన వైపుకే తిరగాలి. అటు మంచు ఇంతసేపూ మోసింది కదా! చేతులు మంచు మీద చాచి, ఈత కొట్టినట్టు కాళ్లు వెనక్కి తన్నుతూ పొట్ట మీద పైకి జారాలి. పైకొచ్చాక లేచి నిలబడొద్దు. దొర్లుకుంటూ గట్టుకు చేరాలి.

* ఎవరన్నా పడితే దగ్గరికి పరిగెత్తొద్దు. అమెరికా, కెనడాల్లో అయితే 911కి ఫోను చేసి, గట్టు మీది నుంచే తాడు, కర్ర, చున్నీ, ఏది అందితే అది విసరాలి. తప్పనిసరైతే బోర్లా పడుకుని జరగాలి. బయటపడ్డవాళ్ల తడిబట్టలు తీసి, పొడిబట్టలు కప్పి, ఆసుపత్రికి చేర్చాలి.

చదివారా? బోర్లా పడుకోవడం, దగ్గరికి పోకుండా కొంగు విసరడం... ఇవి మా అమ్మమ్మ ఎప్పుడో గోదారి ఇసుకలో చేసినవే. ఆమె మంచు చూడలేదు, బడి మొహమూ చూడలేదు. కాలి కింది నేలను అడక్కుండా నమ్మకూడదని మాత్రం తెలుసు.

అందుకే చెబుతున్నాను. పిల్లలు దూరదేశంలో ఉన్నారు, అక్కడి సంగతులు మనకేం తెలుసులే అని ఊరుకోకండి. వద్దు, పోవద్దు అని భయపెట్టకండి కూడా. చలికాలం ఆటలు వాళ్ల పిల్లలకు ఉండాల్సిందే. ఒక్క ప్రశ్న అడగండి చాలు.

ఇప్పుడు డిసెంబర్ నుంచి మార్చి దాకా శనివారం వస్తే అమ్మాయే ముందు ఫోను చేస్తుంది. వెనకనుంచి మనవడు, వాడి వచ్చీరాని తెలుగులో, నేను అడక్కముందే అరుస్తాడు: "అమ్మమ్మా! ఇవాళ పదకొండు అంగుళాలు! పైది కాదు, కిందిది!"